లారీ కింద ఆయిల్ చుక్క: తోలు సీల్ నుంచి బ్రీదర్ దాకా

ఇవాళ రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. లారీ కింద పడే ఆయిల్ చుక్క గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, దీనికీ పెద్ద చరిత్రే ఉంది. అది తెలియకపోతే లారీ ఓనర్ జేబుకి చిల్లు పడుద్ది, ఒక్కోసారి ఘాట్ రోడ్డులో బ్రేకే పట్టదు.

అసలు చిక్కు ఇది. ఇంజన్ లోపల ఆయిల్ ఉండాలి, కానీ షాఫ్ట్ మాత్రం బయటికి రావాలి, పైగా తిరుగుతూ ఉండాలి. ఆ తిరిగే ఇనుముకీ, కదలని పెట్టెకీ మధ్య సందుని ఎలా మూస్తారు? మొదట్లో తాడు లాంటి ప్యాకింగ్ దోపారు, ఫెల్ట్ పెట్టారు. కొందరు షాఫ్ట్ మీదే మర లాంటి గాడి కోశారు. షాఫ్ట్ తిరిగినప్పుడు ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఐడియా బాగుంది కదా? కానీ బండి ఆపితే తోసేవాడే లేడు. ఎత్తుపల్లంలో పార్క్ చేస్తే పొద్దున్నకి మరక రెడీ.

తర్వాత తోలు వచ్చింది. జర్మనీలో వైన్‌హైమ్ అనే ఊళ్లో ఫ్రాయిడెన్‌బర్గ్ అని ఒక తోళ్ల కంపెనీ ఉంది, 1849 నుంచీ. వాళ్లు 1929లో తోలుతో సీళ్లు చేయడం మొదలెట్టారు. అక్కడి ఇంజనీర్ వాల్టర్ సిమ్మర్ పేరు మీదే 'సిమ్మర్‌రింగ్' అనే పేరు వచ్చింది. జర్మనీలో ఇప్పటికీ ఆయిల్ సీల్‌ని చాలామంది అలాగే పిలుస్తారు. అమెరికాలో పేరున్న సీళ్ల కంపెనీ పేరేంటో తెలుసా? చికాగో రాహైడ్. రాహైడ్ అంటే పచ్చితోలు! అంటే మన లారీల ఆయిల్‌ని మొదట కాపాడింది పశువుల చర్మమే అన్నమాట. కానీ తోలు వేడికి గట్టిపడిపోతుంది. మామూలు రబ్బరు వాడదామంటే ఆయిల్ తగిలి ఉబ్బిపోతుంది. ఆయిల్‌కి తట్టుకునే కృత్రిమ రబ్బరు వచ్చాక, 1936లో అదే కంపెనీ రబ్బరు సీళ్లు తెచ్చింది. రబ్బరు అంచు, దాని వెనక సన్నటి స్ప్రింగు. ఈ రోజు షాపులో మీరు కొనే సీల్ కూడా దాదాపు అదే.

మరి సీల్ అంత బాగుంటే, కొత్తది వేసినా లీక్ ఎందుకు తిరిగొస్తుంది? ఈ ఎపిసోడ్ అసలు దీనికోసమే.

ఒకటి, మెత్తటి రబ్బరే అయినా లక్షల కిలోమీటర్లు ఒకే చోట రాసుకుంటే ఇనప షాఫ్ట్ మీద గాడి పడుతుంది. గోరు పెట్టి చూడండి, తగులుద్ది. ఆ గాడి మీదే కొత్త సీల్ కూర్చోబెడితే కారక ఏం చేస్తుంది? షాఫ్ట్‌కి పల్చటి స్లీవ్ తొడగాలి, లేదా వీలుంటే సీల్‌ని కొంచెం జరిపి కొట్టాలి.

రెండోది ఇంకా ముఖ్యం, గాలి. పిస్టన్ పక్కనుంచి కొంత గాలి ఛాంబర్‌లోకి దిగుతుంది. మన మెకానిక్‌లు 'బ్యాక్ కంప్రెషన్' అంటారే, అదే. అది బయటికి పోవడానికి బ్రీదర్ ఉంటుంది. పాత బండ్లలో ఒక గొట్టం, నేరుగా రోడ్డు మీదకే! పొగ ఎక్కువైందని కాలిఫోర్నియా 1961 మోడల్ కార్ల నుంచి ఆ గాలిని మళ్లీ ఇంజన్‌లోకే పంపించింది. టర్బో ఉన్న పెద్ద డీజిల్ లారీలకి మాత్రం అమెరికాలోనే 2007 దాకా కట్టడి రాలేదు. ఆ దారి మూసుకుపోతే గాలి ఊరుకోదు. ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోసుకుని వస్తుంది. మీరు ఆ సీల్ మారిస్తే పక్కది కారుతుంది. తప్పు సీల్‌ది కాదు, ఊపిరాడని ఇంజన్‌ది.

మధ్యలో ఒక ముచ్చట. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన డెట్రాయిట్ డీజిల్ 71 అనే టూ స్ట్రోక్ ఇంజన్‌కి పక్కన చిన్న డ్రెయిన్ గొట్టాలుండేవి, అవి కారడానికే పెట్టారు. "ఆయిల్ కారట్లేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం" అని అమెరికన్ మెకానిక్‌ల పాత జోకు.

నేను ఆటోనగర్ షెడ్లలో గమనించింది ఒకటి చెప్తాను. ఫ్లైవీల్ దగ్గర చుక్క కనపడగానే తొందరపడేవాళ్లు గేర్‌బాక్స్ దింపేస్తారు. రెండు రోజుల పని, బండి ఖాళీ, కిస్తీ మాత్రం ఆగదు. పాత మేస్త్రి అయితే ముందు ఇంజన్ కడిగిస్తాడు. ఆరాక పౌడర్ చల్లి, కాసేపు నడిపించి, టార్చ్ పట్టుకుని పైనుంచి చూస్తాడు. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి తడిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటే పుట్టిన చోటు. చాలాసార్లు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి మొదలై వెనక గోడ మీదుగా దిగి ఉంటుంది! నల్లగా ఉందా, పసుపుగా ఘాటు వాసనతో ఉందా అని వేలితో చూడటం కూడా మర్చిపోడు. ఘాటు వాసనొస్తే అది గేర్ ఆయిల్.

వెనక హౌసింగ్‌కి కూడా చిన్న బ్రీదర్ ఉంటుంది. దాన్నెవరూ పట్టించుకోరు. బురద పట్టి మూసుకుపోతే, వేడికి లోపలి గాలి వ్యాకోచించి హబ్ సీల్ దాటించి ఆయిల్‌ని బ్రేక్ లైనర్ల మీదకి తోస్తుంది. తడిసిన లైనర్‌ని పెట్రోల్ పోసి కాల్చి మళ్లీ బిగించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి అలా చేయనివ్వకండి. పీల్చుకున్న ఆయిల్ వేడెక్కితే మళ్లీ పైకి వస్తుంది. ఆ ఇరుసుకి రెండు వైపులా కొత్త లైనర్లు వేయించండి, సీల్ మార్చండి, బ్రీదర్ విప్పి ఊది చూడండి.

మీ ఇంట్లో లారీ ఉంటే, నాన్నగారినో మామయ్యనో హౌసింగ్ బ్రీదర్ ఎక్కడుందో చూపించమనండి. ఏం చెప్పారో కింద రాయండి. ఉంటాను మరి.