చిల్లర లెక్క

బీదరు దగ్గరి మా జనవాడలో రాబడి లెక్కల మాట వస్తే మహమూద్ గవాను గుర్తుకు రాక మానడు. 1481లో మరణశిక్షకు గురైన ఆ బహమనీ మంత్రి పొలాలు కొలిపించి శిస్తు కట్టించాడు.

ఫోనులో ఉచితంగా తెచ్చుకున్న ఆటకు ఎంత పెట్టావని మా మేనల్లుణ్ణి అడిగాను. "ఏముంది మామా, చిల్లరే" అన్నాడు. కూడితే నాలుగువేలు దాటింది.

1972లో వచ్చిన పాంగ్ ఆటకు నాణేల పెట్టె తెరిస్తే రాబడి తెలిసేది. తర్వాత అంగళ్ళలో అమ్మిన ఆటలకు, అమ్ముడైన ప్రతులను ధరతో హెచ్చవేసి అంగడివాని వాటా తీసివేస్తే చాలు. ఇప్పుడు ఆట కొన్నాక లోపల పెట్టే ఖర్చూ పెద్ద పద్దే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి 2021 మార్చితో ముగిసిన ఏడాదిలో సుమారు 563 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో 162 కోట్లు, అంటే నూటికి 29 వంతులు, ఆటగాళ్ళ చీట్లు కొనే 'అల్టిమేట్ టీమ్' పద్దువే. వాటిలో అధికభాగం ఫీఫా ఆటదన్నారు గాని అంకె చెప్పలేదు. కనుక ఫీఫా రాబడి ఇంత అని బయటివారు ఎవరు చెప్పినా అది అంచనాయే.

గవాను కొలత పొలంగట్టున జరిగింది. ఈ కొలత కంపెనీకే తెలుసు. అందుకే మేనల్లుడికి ఒక నోటుపుస్తకం కొనిచ్చాను, తన పద్దు తానైనా రాసుకొమ్మని.