టెలిఫోటో లెన్సు, టెలికన్వర్టర్: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

దూరంలో ఉన్న వస్తువును పెద్దదిగా చూపే ప్రతి కెమెరా లెన్సునూ వాడుకలో టెలిఫోటో లెన్సు అంటున్నాం. సాంకేతికంగా ఈ మాటకు ఇంతకంటే పరిమితమైన అర్థం ఉంది. లెన్సు ముందు భాగం నుంచి ఫిల్ము వరకు ఉన్న పొడవు ఆ లెన్సు నాభ్యంతరం కంటే తక్కువగా ఉంటేనే అది టెలిఫోటో. అంటే పొట్టిగా ఉండటం దాని నిర్వచనంలోనే ఉంది. టెలికన్వర్టర్ అనేది కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే చిన్న గొట్టం. అది నాభ్యంతరాన్ని సాధారణంగా 1.4 రెట్లు గానీ 2 రెట్లు గానీ పెంచుతుంది. ఈ పాఠంలో ‘కటకం’ అంటే ఒక్క గాజు బిళ్ల అనీ, ‘లెన్సు’ అంటే అలాంటి కటకాలను గొట్టంలో అమర్చిన పరికరం అనీ గ్రహించండి.

ఈ పరికరాల చరిత్రను సాధారణంగా గాజు పరిశ్రమ సాధించిన విజయాల వరుసగా చెబుతారు. అది సగం నిజం మాత్రమే. పొట్టి టెలిఫోటోకు ఆధారమైన సూత్రం 1611లోనే అచ్చయింది. దాన్ని వాడుకున్న కెమెరా లెన్సు 1891లో గానీ రాలేదు. మధ్యలో 280 ఏళ్లు ఎందుకు గడిచాయి? దీనికి జవాబు లెన్సులో కంటే లెన్సు వెనక ఉన్న ప్లేటులో, ఫిల్ములో, సెన్సర్‌లో ఎక్కువగా దొరుకుతుందన్నది ఈ పాఠం చేసే ప్రతిపాదన.

2. పెద్ద ప్రతిబింబానికి పొడవాటి గొట్టం

దూరపు వస్తువు ప్రతిబింబం ఎంత పెద్దదిగా పడుతుందో నిర్ణయించేది లెన్సు నాభ్యంతరం. సూర్యబింబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆకాశంలో అది సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. 50 మి.మీ. లెన్సు వేసే సూర్యబింబం వ్యాసం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అదే 1000 మి.మీ. లెన్సుతో అది సుమారు 9 మి.మీ. అవుతుంది. ఒకే కటకంతో ఈ నాభ్యంతరం కావాలంటే, కటకానికీ ప్లేటుకూ మధ్య ఒక మీటరు దూరం ఉంచక తప్పదు.

అందుకే తొలి రోజుల్లో దూరపు వస్తువును పెద్దదిగా ఫోటో తీయడమంటే దూరదర్శినికి ప్లేటు అమర్చడమే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు ప్రాంతం మీదుగా సాగినప్పుడు బ్రిటిష్ అధికారి జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నెంట్ బృందం గుంటూరులో దాన్ని ఫోటోలు తీసింది. వారు వాడినది వెండిపూత అద్దం అమర్చిన పరావర్తక దూరదర్శిని. దాన్ని స్థిరంగా నిలబెట్టి, గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాల్లో తడి ప్లేట్లను ఒకదాని తరవాత ఒకటి మార్చాలి. అలాంటి పరికరం వేధశాలకు తగినదే కానీ, కొండ ఎక్కే మనిషి భుజానికి తగినది కాదు.

3. కెప్లర్ నుంచి బార్లో వరకు

గెలీలియో దూరదర్శినిలో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండేవి. ఈ జంట పనితీరును జోహన్నెస్ కెప్లర్ 1611లో ‘డియోప్ట్రికే’ అనే గ్రంథంలో విశ్లేషించాడు. ఈ రెండు కటకాల మధ్య దూరాన్ని సర్దితే, కుంభాకార కటకం ఒక్కటే వేసే ప్రతిబింబం కంటే పెద్దదాన్ని కాగితం మీద పట్టవచ్చని అందులో చూపాడు. టెలిఫోటో సూత్రం ఇదే.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ముందున్న కుంభాకార కటకం కాంతి కిరణాలను ఒక చోటికి చేరుస్తుంది. అవి కలుసుకోబోయే ముందు పుటాకార కటకం అడ్డుపడి వాటి వాలును తగ్గిస్తుంది. దాంతో కిరణాలు మరికొంత వెనక, మరింత సన్నని కోణంలో కలుస్తాయి. అలా కలిసే కిరణాలను వెనక్కి పొడిగించి గీస్తే, అవి అసలు లెన్సుకు ముందు ఎక్కడో ఉన్న కటకం నుంచి వచ్చినట్లు కనిపిస్తాయి. నాభ్యంతరాన్ని ఆ ఊహా కటకం నుంచి కొలవాలి. కనుక నాభ్యంతరం పెద్దదైనా గొట్టం చిన్నదిగా ఉంటుంది.

ఇంగ్లండులో వూలిచ్ సైనిక అకాడమీలో గణితం బోధించిన పీటర్ బార్లో 1830ల్లో, రంగుల దోషాన్ని సవరించిన పుటాకార కటకాన్ని దూరదర్శినిలో చేర్చే పద్ధతిని వివరించాడు. ఖగోళ పరిశీలకులు నేటికీ దాన్ని బార్లో లెన్సు అనే పిలుస్తారు. నేటి టెలికన్వర్టర్‌కు పూర్వరూపం ఇదే.

4. 1891లోనే ఎందుకు?

1891లో లండన్‌లో థామస్ రుడాల్ఫస్ డాల్మయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథె ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కెమెరాలకు టెలిఫోటో లెన్సులను ప్రకటించారు. ఇద్దరికి ఒకే ఏడాది ఒకే ఆలోచన రావడాన్ని చరిత్ర విద్యార్థి కేవలం కాకతాళీయంగా కొట్టివేయరాదు. పరిస్థితులు పక్వమైన చోట ఇలా జరుగుతుంది.

ఆ పరిస్థితులు రెండు. మొదటిది ప్లేటు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి ప్లేటు మెరుగులు దిద్దుకుని, 1880ల నాటికి దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. అది తడి ప్లేటు కంటే చాలా తక్కువ వెలుతురుతో పనిచేసేది. రెండవది గాజు. 1884లో జెనాలో ఒట్టో షాట్, ఎర్నెస్ట్ అబ్బే, జైస్ సంస్థ కలిసి స్థాపించిన కర్మాగారం కొత్త రకాల గాజును అందుబాటులోకి తెచ్చింది. రెండూ ముఖ్యమే. అయితే ప్రతిబింబాన్ని పెద్దది చేస్తే వెలుతురు పలచబడుతుంది. అలా పలచబడిన వెలుతురును కూడా పట్టగలిగే ప్లేటు వచ్చాకే కెప్లర్ సూత్రానికి కెమెరాలో చోటు దొరికింది.

డాల్మయర్ అమర్చిన తీరు గమనించదగ్గది. మామూలు లెన్సు వెనక పుటాకార కటకాల సమూహాన్ని తగిలించి, రెంటి మధ్య దూరాన్ని మారుస్తూ ప్రతిబింబాన్ని కావలసినంత పెంచుకునే వీలు కల్పించాడు. అంటే టెలిఫోటో లెన్సు, కన్వర్టర్ మొదట్లో వేరువేరు పరికరాలు కావు. విడదీయడానికి వీలైతే కన్వర్టర్, శాశ్వతంగా బిగిస్తే టెలిఫోటో. 20వ శతాబ్దం మొదట్లో స్థిరమైన నాభ్యంతరం గల టెలిఫోటో లెన్సులు వచ్చాక ఈ రెండు దారులూ చీలాయి.

5. వెలుతురు లెక్క

లెన్సు నాభ్యంతరాన్ని వెలుతురు ప్రవేశించే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. 300 మి.మీ. ఎఫ్/4 లెన్సు ద్వారం 75 మి.మీ. దానికి 1.4 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే 420 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది. 2 రెట్లదైతే 600 మి.మీ. ఎఫ్/8. ఏ విధంగా భాగించి చూసినా ద్వారం ఆ 75 మి.మీ.యే. గరిటెడు పిండితో అట్టును ఎంత పెద్దగా పోస్తే అంత పలచబడుతుంది కదా, ఇదీ అంతే. 1.4 రెట్ల కన్వర్టర్ వెలుతురును సగం చేస్తుంది. 2 రెట్లది నాలుగో వంతుకు తగ్గిస్తుంది. ఈ లెక్కను ఏ కంపెనీ గాజూ మార్చలేదు.

చిక్కు ఇక్కడితో ఆగదు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం సెకనులో నాభ్యంతరమంత వంతు ఉండాలన్నది ఫిల్ము కాలం నుంచి వస్తున్న స్థూల నియమం. 300 మి.మీ. వద్ద సెకనులో 500వ వంతుతో తీస్తున్న వ్యక్తి 2 రెట్ల కన్వర్టర్ తగిలించగానే షట్టర్ వేగం 125వ వంతుకు పడిపోతుంది. కానీ నియమం ప్రకారం ఇప్పుడు 600వ వంతు కావాలి. వేగం పెరగవలసిన చోటే వెలుతురు తగ్గింది. ఈ లోటును పూడ్చడానికి స్టాండు గానీ, ఎక్కువ సున్నితమైన ఫిల్ము గానీ తోడ్పడతాయి.

కన్వర్టర్‌కు ఒక మేలైన గుణం కూడా ఉంది. లెన్సు ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపగలదో ఆ దూరం మారదు. కనుక సీతాకోకచిలుకల వంటి చిన్న జీవులను తీసేవారికి అదే దూరం నుంచి రెట్టింపు పరిమాణం లభిస్తుంది.

6. 35 మి.మీ. కెమెరాల యుగం

1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా జైస్ సంస్థ 180 మి.మీ. ఎఫ్/2.8 సోన్నార్ లెన్సును తెచ్చింది. అయితే నాటి రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో 135 మి.మీ. దాటితే దృశ్యాన్ని సరిగా చూసి ఫోకస్ చేయడం కష్టమయ్యేది. లెన్సు గుండానే చూసే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా ఈ అడ్డంకిని తొలగించింది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి కెమెరాలతో పొడవాటి లెన్సులు వృత్తి ఫోటోగ్రాఫర్ల నిత్య పరికరాలయ్యాయి.

1960ల నుంచి జపాన్‌లో తయారైన చవక కన్వర్టర్లు ఔత్సాహికులకూ అందాయి. వీటికి చెడ్డ పేరు రావడానికి కారణం ఉంది. ఏ లెన్సుకైనా సరిపోయేలా చేసిన కన్వర్టర్ ఏ ఒక్క లెన్సు దోషాన్నీ సవరించదు. పైగా ప్రతిబింబంతో పాటు ఆ దోషాలనూ పెద్దవి చేస్తుంది. దీన్ని గుర్తించిన తయారీదారులు లెన్సును బట్టి కన్వర్టర్‌ను రూపొందించారు. నికాన్ ఫిల్ము కాలంలో రెండు రకాల 2 రెట్ల కన్వర్టర్లు అమ్మింది. ఒకటి తక్కువ నాభ్యంతరాలకు, రెండవది 300 మి.మీ., అంతకు మించిన లెన్సులకు.

అప్పటికీ ఫిల్ము పరిమితి అలాగే ఉంది. 1936లో 35 మి.మీ. కెమెరాలకు వచ్చిన కోడక్రోమ్ వేగం నేటి కొలతలో సుమారు 10. తరవాతి దశాబ్దాల్లో 400 వేగం గల నలుపు తెలుపు ఫిల్ము వచ్చినా, అందులో రేణువులు కొట్టొచ్చినట్లు కనిపించేవి.

7. పొట్టితనానికి మూడు మార్గాలు

గొట్టాన్ని కుదించాలంటే కటకాల వంపు పెంచాలి. వంపు పెరిగితే ఎరుపు, నీలం కిరణాలు వేరువేరు చోట్ల కలుసుకుని అంచుల్లో రంగులు కనిపిస్తాయి. దీన్నే వర్ణ విపథనం అంటాం. దీన్ని ఎదుర్కొనడానికి మూడు మార్గాలు వచ్చాయి.

మొదటిది కొత్త పదార్థం. ఫ్లోరైట్ స్ఫటికం రంగులను చాలా తక్కువగా విడదీస్తుంది. అబ్బే దీన్ని 1880ల్లోనే సూక్ష్మదర్శినుల్లో వాడాడు. కెమెరా లెన్సుకు సరిపడేంత పెద్ద సహజ స్ఫటికాలు దొరకడం అరుదు. కృత్రిమంగా పెంచిన స్ఫటికంతో కానన్ 1969లో 300 మి.మీ. ఎఫ్/5.6 లెన్సును విడుదల చేసింది.

రెండవది అద్దం. అద్దం కాంతిని రంగులుగా విడదీయదు. పైగా కిరణాల దారిని మడిచి గొట్టాన్ని కుదిస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త మక్సుతోవ్ 1941లో రూపొందించిన అమరిక ఆధారంగా 500 మి.మీ. కెమెరా లెన్సులు వచ్చాయి. వీటి అపర్చర్‌ను మార్చడం కుదరదు. నేపథ్యంలోని మెరుపులు ఉంగరాల్లా కనిపిస్తాయి.

మూడవది వివర్తనం. మామూలు గాజులో ఎరుపు కంటే నీలం ఎక్కువగా వంగుతుంది. అతి సన్నని వలయాలు చెక్కిన వివర్తన కటకంలో నీలం కంటే ఎరుపు ఎక్కువగా వంగుతుంది. రెండూ కలిపితే ఒకదాని దోషాన్ని మరొకటి రద్దు చేస్తుంది. కానన్ 2000లో ప్రకటించిన 400 మి.మీ. ఎఫ్/4 లెన్సు బరువు 2 కిలోల లోపే. నికాన్ 2015లో తెచ్చిన 300 మి.మీ. ఎఫ్/4 లెన్సు పొడవు 147.5 మి.మీ., బరువు 755 గ్రాములు. దాని ముందు తరం లెన్సు బరువులో ఇది దాదాపు సగం. ఇందులోనూ మూల్యం ఉంది: దృశ్యంలో తీవ్రమైన దీపం ఉంటే దాని చుట్టూ రంగుల మెరుపు రావచ్చు.

8. సెన్సర్ తెచ్చిన మార్పు

1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ వ్యాపించాక కన్వర్టర్‌కు కొత్త ఇబ్బంది వచ్చింది. చాలా కెమెరాల్లో ఎఫ్/5.6 దాటితే ఆటోఫోకస్ నమ్మకంగా పనిచేసేది కాదు. ఉన్నత శ్రేణి కెమెరాల్లో మాత్రం ఎఫ్/8 వరకు కుదిరేది. అద్దం లేని డిజిటల్ కెమెరాల్లో ఫోకస్‌ను సెన్సరే నిర్ణయిస్తుంది. అందువల్ల ఈ హద్దు బాగా వెనక్కి జరిగింది.

2020లో కానన్ 600 మి.మీ. ఎఫ్/11 లెన్సును 930 గ్రాముల బరువుతో తెచ్చింది. దానికి 2 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే 1200 మి.మీ. ఎఫ్/22 అవుతుంది, ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఫిల్ము రోజుల్లో ఎఫ్/11 టెలిఫోటోను చేత్తో పట్టుకుని పక్షుల మీద వాడటం ఊహకందేది కాదు. ఐఎస్‌ఓ 6400 వద్ద ఆమోదయోగ్యమైన చిత్రం ఇచ్చే సెన్సర్ వల్లే ఈ లెన్సుకు అర్థం వచ్చింది. మరో పక్క, 2013 నుంచి కానన్, తరవాత నికాన్, కొన్ని ఖరీదైన లెన్సుల్లో 1.4 రెట్ల కన్వర్టర్‌ను లోపలే అమర్చి మీటతో కదిలే ఏర్పాటు చేశాయి. లెన్సు, కన్వర్టర్ మళ్లీ ఒకే గొట్టంలో కలిశాయి.

హద్దులు మాత్రం పోలేదు. ఎఫ్/22 వద్ద వివర్తనం వల్లే సూక్ష్మ వివరాలు మసకబారతాయి. మధ్యాహ్నపు వేడి గాలి కదలిక ఏ లెన్సునూ వదలదు.

9. ముగింపు

1891లో పొడి ప్లేటు, ఇరవయ్యవ శతాబ్దంలో వేగవంతమైన ఫిల్ము, 2020లో సున్నితమైన సెన్సర్. ప్రతి దశలోనూ వెలుతురును పొదుపుగా పట్టే పదార్థం ముందు వచ్చింది, పొట్టి లెన్సు ఆ తరవాత వచ్చింది. ఈ మార్పుకు సామాజిక ఫలితం కూడా ఉంది. స్టాండు, సహాయకుడు, వాహనం లేకుండా కాలినడకన తిరిగే ఒంటరి పరిశీలకుడికి నేడు దూరపు పక్షి అందుబాటులోకి వచ్చింది. కన్వర్టర్ ఎన్నుకునే ముందు ‘ఎన్ని రెట్లు పెరుగుతుంది?’ అని మాత్రమే కాక, ‘అంత వెలుతురు నా దగ్గర ఉందా?’ అని కూడా అడగడం ఈ చరిత్ర నేర్పే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టెలిఫోటో లెన్సుకు సాంకేతిక నిర్వచనం ఏమిటి? నాభ్యంతరం పెద్దదైనా గొట్టం చిన్నదిగా ఎలా ఉండగలదు?
2. 1611 నాటి సూత్రం 1891 వరకు కెమెరాలో వాడుకలోకి రాకపోవడానికి కారణాలను చర్చించండి.
3. 400 మి.మీ. ఎఫ్/5.6 లెన్సుకు 2 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే నాభ్యంతరం, ఎఫ్-సంఖ్య ఎంతవుతాయి? ద్వారం వ్యాసం మారుతుందా?