కరువు సీమలో సైడ్ ప్రాజెక్టు

ఐటీలో ఉన్నవాళ్ళకి సైడ్ ప్రాజెక్టు అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచీ జీతమిచ్చేవాడి పని చేసి, రాత్రి భోంచేశాక మనకి నచ్చిన పని చేసుకోవడం. డెడ్‌లైను ఉండదు, క్లయింటు ఉండడు. బాగా వస్తే సంతోషం, రాకపోతే అడిగేవాడు లేడు. మనలో చాలామంది సైడ్ ప్రాజెక్టులు మొదటి నెల దాటవు, అది వేరే సంగతి.

పాటల వాళ్ళకీ ఈ అలవాటు ఉంది. 2003లో నోరా జోన్స్ (మన పండిట్ రవిశంకర్ కూతురే) ఒకే రాత్రి ఐదు గ్రామీలు పట్టుకెళ్ళింది. అదే ఏడాది న్యూయార్కులో తనూ, ఇంకో నలుగురు సంగీతం స్నేహితులూ కలిసి 'ది లిటిల్ విల్లీస్' అని ఒక బ్యాండు పెట్టుకున్నారు. లివింగ్ రూమ్ అనే చిన్న క్లబ్బులో, విల్లీ నెల్సన్ లాంటి వాళ్ళ పాత కంట్రీ పాటలు సరదాగా పాడుకోవాలి, అంతే ప్లాను. 2006లో ఒక ఆల్బం వచ్చింది. రెండోది 2012కి గానీ రాలేదు. తొందరేముంది, సరదాకి చేసేది కదా!

తమాషా ఏమిటంటే, కంట్రీ సంగీతం అసలు మొదలైందే సైడ్ ప్రాజెక్టుగా. 1927 వేసవిలో విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన సరంజామా అంతా వేసుకుని అమెరికాలో బ్రిస్టల్ అనే ఊరికి వెళ్ళి, చుట్టుపక్కల కొండల్లో పాడేవాళ్ళని పిలిచాడు. అలా వచ్చినవాళ్ళలో ఎ.పి.కార్టర్ పండ్ల మొక్కలు అమ్ముకున్న మనిషి. జిమ్మీ రాడ్జర్స్ రైళ్ళలో బ్రేక్‌మన్‌గా పనిచేసినవాడు. ఆ రికార్డులు అమ్ముడుపోయాక అదొక పరిశ్రమ అయింది, నాష్‌విల్ దానికి రాజధాని అయింది. చివరికి డెబ్భై ఐదేళ్ళు తిరిగేసరికి, పాటే వృత్తిగా ఉన్నవాళ్ళు ఆ పాత పాటలు తీరిగ్గా పాడుకోవడానికి విడిగా ఒక బ్యాండు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ చక్రం తిరగని చోటు మనకి దగ్గర్లోనే ఒకటుంది. అనంతపురం. (2022లో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా విడిగా వచ్చింది. ఇక్కడ నేను అనంతపురం అంటే ఆ పాత జిల్లా మొత్తం అనుకోండి.)

ముందు ఆ నేల గురించి రెండు ముక్కలు. నైరుతి రుతుపవనాల వాన పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడిపోతాయి. మిగిలేది ఏడాదికి 550 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. అది కూడా అవసరమైనప్పుడు పడుతుందని నమ్మకం లేదు. 1876-78 నాటి ధాత కరువులో జనం ఎంతలా పోయారంటే, 1881 లెక్కల్లో ఈ ప్రాంతపు జనాభా పదేళ్ళ కిందటి కంటే తక్కువ తేలింది. ఇరవయ్యో శతాబ్దం చివరికి ఎర్రనేలల మీద ఎక్కడ చూసినా శనక్కాయే. జూన్, జులైలో విత్తనం, కార్తీకానికి అటూ ఇటూగా కాయ పీకడం. ఆ తర్వాత, బోరు లేనివాడికి మళ్ళీ వాన పడేదాకా చేనిలో పెద్దగా పనుండదు.

ఆ ఖాళీలో పుట్టి పెరిగింది చెక్కభజన.

చూడనివాళ్ళ కోసం: ఒక చేతిలో ఇమిడే రెండు చెక్కలు, వాటికి చిన్న చిన్న లోహపు బిళ్ళలు. చెయ్యి మూసి తెరిస్తే తాళం. కాళ్ళకి గజ్జెలు. పది పదిహేను మంది రెండు వరసలుగానో గుండ్రంగానో నిలబడతారు. మధ్యలో గురువు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటారు, పాటతో పాటే అడుగు. పక్కన హార్మోనియం, డోలక్. మెల్లగా మొదలైన పాట చివరికొచ్చేసరికి వేగం పెరిగి, గజ్జెలూ చెక్కలూ ఒకటే మోత. పాటల్లో రాముడూ కృష్ణుడూ పాండవులే ఎక్కువ. దీనికి చుట్టాలు పండరి భజన, కోలాటం. పండరి అన్న పేరులోనే మరాఠీ దేశపు విఠలుడున్నాడు. పక్కనే కన్నడ హరిదాసుల పదాలు, తూర్పున తాళ్ళపాక వాళ్ళ సంకీర్తనలు. మూడు భాషల భక్తి కలిసే సరిహద్దు మీద ఉన్న జిల్లా ఇది.

ఇంతకీ ఆ పది పదిహేను మంది ఎవరు? రైతు, కూలీ, బండి తోలేవాడు, అంగడి పెట్టుకున్నవాడు. ఒక్కరికీ పాట వృత్తి కాదు. ఊళ్ళో రామభజన గుడి ఉంటుంది, సాయంత్రం అక్కడ చేరతారు. వేసవిలో తలా ఇంత చందా వేసుకుని పక్క ఊరి నుంచి గురువుని పిలిపించుకుంటారు. రాత్రి సంగటి తిన్నాక గుడి ముందు సాధన. శ్రీరామనవమికో జాతరకో ఊరందరి ముందూ ఆడతారు. అచ్చంగా మనం చెప్పుకున్న సైడ్ ప్రాజెక్టే. కాకపోతే మొదటి నెల దాటింది, తరాలు దాటింది.

ఎలా దాటింది అన్నది అసలు ప్రశ్న. జవాబు కోసం అదే జిల్లాలో ఇంకో కళని చూడాలి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరుంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. వీళ్ళ పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు. మేకతోలుని అద్దంలా పల్చగా చేసి, బొమ్మలు కోసి, రంగులేసి, దీపం ముందు రాత్రంతా రామాయణం ఆడించేవాళ్ళు. మధ్యలో నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క. ఇది వాళ్ళ పూర్తికాలపు వృత్తి. ఊరూరా తిరిగి ఆడితే రైతులు ఇచ్చే గింజలూ డబ్బులే బతుకుతెరువు. రైతుకి పండితేనే వీళ్ళకి పండుగ. వాన తప్పితే రైతు ముందు మానేసేది ఆట పెట్టించడమే కదా. దానికి తోడు సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. ఆట తగ్గిపోయి ఆ చేతులు తోలుతో దీపపు గుడ్డలూ, గోడకి తగిలించే బొమ్మలూ చేసే వైపు తిరిగాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నైపుణ్యం నిలబడింది, అందుకు సంతోషమే. కానీ రాత్రంతా సాగే ఆట, దాని వెనక పాట, చూడ్డానికొచ్చే ఊరు మాత్రం దీపపు గుడ్డలో పట్టవు.

చెక్కభజనకి ఈ దెబ్బ తగల్లేదు. కరువొస్తే భజన చేసేవాడి చేను ఎండుతుంది గానీ భజన ఆదాయం పోదు, ఎందుకంటే ఆదాయమే లేదు. పైగా చేనిలో పని లేని ఏడు సాయంత్రాలు ఇంకొంచెం ఖాళీ. నవ్వుతూ చెప్పుకునే మాట కాదిది, కానీ నిజం. దాని మీద ఎవరూ బతకడం లేదు కాబట్టే అది బతికింది. సినిమా వచ్చినప్పుడు కూడా వీళ్ళు భయపడలేదు. హిట్టయిన సినిమా వరస తీసుకుని దాంట్లో రాముడి మాటలు పెట్టుకున్నారు. వృత్తి కళాకారుడికి పోటీగా వచ్చింది సరదా కళాకారుడికి ముడిసరుకు అయింది.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పుకోవాలి. సరదాగా పాడుకునే వీలు అందరికీ సమానంగా లేదు. ఇదే జిల్లాలో ఉరుముల నృత్యం ఉంది. ఉరుము అనే పెద్ద వాద్యం మోగిస్తూ గ్రామదేవతల జాతరల్లో దళిత కుటుంబాల వాళ్ళు చేసేది. వాళ్ళకది తీరికవేళ సరదా కాదు, కులం అప్పజెప్పిన పని. ఊరు పిలిస్తే వెళ్ళాలి. ఆ చేతుల్లో ఉన్న లయ ఎంత గొప్పదైనా, చాలా ఊళ్ళల్లో భజన గుడి అరుగు వాళ్ళకి దూరంగానే ఉండేది. మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది 1947లో. చట్టం వచ్చిన రోజునే గుడి తలుపు తెరుచుకోలేదని మనకి తెలుసు. చాలా దళితవాడల్లో సొంత భజన గుళ్ళు వెలిశాయంటే కారణం అదే. 'ఊరంతా కలిసి పాడుకునేవాళ్ళు' అని నోస్టాల్జియాతో రాసే ముందు, ఏ ఊరు, అందులో ఎవరు అని అడగాలి.

సరే, వాన లేకపోయినా, సినిమా వచ్చినా నిలబడిన ఈ భజనకి ఇప్పుడు వచ్చిన కష్టం ఏమిటి? డబ్బు కాదు. మనుషులు.

బోర్లు ఎండిపోయాక కదిరి వైపు నుంచి కేరళకి, అన్ని వైపుల నుంచీ బెంగుళూరుకి జనం కదిలారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టడానికి దేశంలో ఇన్ని ఊళ్ళుండగా నార్పల మండలం బండ్లపల్లిని ఎంచుకున్నారు. ఆ ఎంపికే చెబుతుంది ఇక్కడి సంగతి. కూలికి వెళ్ళేవాడు వెళ్ళాడు, ఇంజినీరింగు చదివినవాడు మనలాగే ఎలక్ట్రానిక్ సిటీకో, అక్కణ్ణించి అమెరికాకో వెళ్ళాడు. సైడ్ ప్రాజెక్టు ఆదాయం లేకుండా నడుస్తుంది. కానీ ఆ పదిహేను మందీ సాయంత్రం ఏడు గంటలకి ఒకే ఊళ్ళో ఉండకపోతే నడవదు. చెక్కభజన ఒంటరిగా చేసేది కాదు, వీడియో కాల్లో కుదిరేది కాదు. ఎదుటి వరసలో మనిషి ఉంటేనే అడుగు.

అలాగని అంతా అయిపోయిందని నేను అనను. తి.తి.దే. దాససాహిత్య ప్రాజెక్టు వాళ్ళు మెట్లోత్సవానికి భజన మండళ్ళని పిలుస్తుంటే వందల మంది పల్లెల నుంచి వచ్చి అలిపిరి మెట్లు పాడుకుంటూ ఎక్కుతున్నారు. ఒకప్పుడు మగవాళ్ళదే అనుకున్న వరసల్లో ఆడవాళ్ళ కోలాటం బృందాలు కనిపిస్తున్నాయి. మగవాళ్ళు వలస పోయిన ఊళ్ళల్లో మిగిలింది వాళ్ళే అని కూడా అనుకోవచ్చు, వాళ్ళకి ఇన్నాళ్ళకి సందు దొరికిందని కూడా అనుకోవచ్చు. నాకు రెండోది నచ్చుతుంది.

మనం ఊరికి ఏదన్నా చెయ్యాలనుకుంటే మొదట చెయ్యి జేబులోకి వెళుతుంది. మైకు సెట్టు, ఒకే రంగు బట్టలు, గుడికి టైల్సు. ఇవ్వండి, తప్పులేదు. కానీ డబ్బుతో పుట్టనిది డబ్బుతో ఆగదు కూడా. ఆ వరసలో ఖాళీ అయిన చోటు మనం వదిలి వచ్చిందే. సంక్రాంతికి ఊరెళ్ళే నాలుగు రోజుల్లో ఒక్క రాత్రి ఫోను ఇంట్లో పెట్టి ఆ గుడి ముందుకి వెళ్ళి నిలబడండి. అడుగు తప్పుతుంది, పక్కనున్న మామ కసురుకుంటాడు, పిల్లలు నవ్వుతారు. సైడ్ ప్రాజెక్టులో అదేం పెద్ద బగ్గు కాదు.