స్ఫటిక కరండాల్లో బంధుత్వపు జాడలు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార దక్షిణ తీరాన, కళింగపట్నానికి చేరువలో ఉన్న శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినవాడు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి. అటుపై పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ జరిపించిన తవ్వకాల్లో స్తూపాకారపు స్ఫటిక కరండాలు, బంగారు పూలు వెలుగుచూశాయి. కరండమంటే బుద్ధుని వంటి మహనీయుల అస్థికలను, అనగా ధాతువులను, పదిలపరిచే మూతగల చిన్న భరిణె. గాజుకూ స్ఫటికానికీ మూలద్రవ్యం సిలికాయే అయినా, గాజు కరిగించి ఆకృతినిచ్చేది. స్ఫటికమో నేలలో దొరికే రాయి. మోస్ కొలమానంలో 7 కాఠిన్యంగల ఆ రాతిని దానికన్నా గట్టిదైన కురువిందపు పొడితో ఓపికగా అరగదీసి, లోపల తొలిచి, మెరుగుపెట్టవలసిందే.

అంత శ్రమకోర్చి ఇటువంటి పాత్రలు చేయించినవారి మనసు తెలిసేది భట్టిప్రోలు శాసనాల వల్ల. నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించగా బయటపడిన రాతి పేటికల మీద, క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో దాతల వివరాలున్నాయి. కుర అనేవాని తండ్రి, తల్లి, కుర, శివ అనే నలుగురు కలిసి బుద్ధధాతువుల కోసం పేటికనూ స్ఫటికపు భరిణెనూ సమకూర్చినట్లు ఒక శాసనం తెలుపుతున్నది. ఆ తల్లిదండ్రులు సొంత పేర్లు చెప్పుకోక బిడ్డ పేరుతోనే తమను చాటుకొన్నారు. ఫలానావాడి అమ్మ, ఫలానావాడి నాన్న అని పిలిచే అలవాటు తెలుగు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నదే. ఆరు పలకల స్ఫటికం మీద చెక్కిన మరొక శాసనం నందపురపు స్త్రీలను, వారితోపాటు శ్రామణేరులను, అంటే భిక్షుత్వానికి శిక్షణ పొందుతున్నవారిని, దాతలుగా పేర్కొంటుంది. రాణుల పేర్లు కాక ఒక ఊరి ఆడవారి ఉమ్మడి దానం స్ఫటికానికెక్కడం దక్షిణదేశ కళాచరిత్రలో విశేషంగా చెప్పుకోదగినది. ఉత్తరదేశంలోని పిప్రహ్వాలో 1898లో చేప ఆకారపు పిడిగల స్ఫటిక పాత్రతోపాటు దొరికిన మెత్తరాతి భరిణె మీది శాసనంలోనూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాబిడ్డలు కలిసే కనిపిస్తారు.

లోపలిది కనబడే రాతిని ఎంచుకొన్నా, దానిని రాతి పేటికలో దాచి, పైన స్తూపం కట్టివేసేవారు గనుక ఈ పనితనం చూపరుల మెప్పు కోసం కాదు. గురువు ధాతువుకూ తమ కానుకకూ నడుమ మసక ఉండరాదన్న తపనే ఆ ఎంపికకు కారణమనుకోవడం సమంజసం. శాలిహుండం శిల్పి ఆ భరిణెకే స్తూపరూపమిచ్చి, వెలుపల జనం ప్రదక్షిణం చేసే కట్టడాన్ని లోపల అరచేతిలో ఇమిడే స్ఫటికంగా మలిచాడు.