కామాలోంచి పుట్టిన మనిషి: అమాల్ఫీలో నాలుగు రోజులు

ఈరోజు ఇటలీ వెళ్దాం. రోమ్ కాదు, వెనిస్ కాదు. నేపుల్స్‌కి దక్షిణాన, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న అమాల్ఫీ అనే చిన్న ఊరు. జనాభా ఐదు వేల దాకా ఉంటుంది. నేను ఒక్కడినే వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. ఇది చూడాలి, అది చూడాలి అని లిస్ట్ ఏమీ పెట్టుకోలేదు. పొద్దున బస్సులు, పడవలు టూరిస్టుల్ని తెచ్చి దింపుతాయి, సాయంత్రానికి మళ్లీ ఎక్కించుకుని పోతాయి. ఆ తర్వాత ఊరు ప్రశాంతం. కాఫీ తాగుతూ కూర్చుంటే, రోజంతా సెల్ఫీలకి బ్యాక్‌గ్రౌండ్‌గా ఉన్నవి అప్పుడు సరిగ్గా కనిపిస్తాయి.

అలా కనిపించిందే సముద్రం పక్కన ఉన్న ఒక విగ్రహం. పేరు ఫ్లావియో జోయా. 1302లో దిక్సూచి, అంటే కంపాస్, కనిపెట్టిన అమాల్ఫీ నావికుడు అని చెప్తారు. అక్కడి స్క్వేర్‌కి కూడా ఆయన పేరే. కానీ అసలు విషయం ఏంటంటే, అలాంటి మనిషి బహుశా పుట్టనే లేదు. చాలామంది చరిత్రకారుల మాట ఇది.

మరి ఆయన ఎక్కడినుంచి వచ్చాడు? 15వ శతాబ్దంలో ఫ్లావియో బియోందో అనే చరిత్రకారుడు ఉండేవాడు. అయస్కాంతంతో దిక్కు తెలుసుకోవడం తామే కనిపెట్టామని అమాల్ఫీ వాళ్లు చెప్పుకుంటారని ఆయన రాశాడు. 1511లో జాంబాతిస్తా పియో అనే పండితుడు ఆ మాటని లాటిన్‌లో క్లుప్తంగా చెప్పాడు. ఆ వాక్యం వరస తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: అమాల్ఫీలో కనిపెట్టబడింది, ఫ్లావియో చేత చెప్పబడింది. ఇప్పుడు కామాని కొంచెం పక్కకి జరపండి: అమాల్ఫీలో కనిపెట్టబడింది ఫ్లావియో చేత, అని చెప్పబడింది. అంతే! విషయం రాసిన చరిత్రకారుడు కాస్తా కంపాస్ కనిపెట్టినవాడు అయిపోయాడు. తర్వాత రాసినవాళ్లు జోయా అని ఇంటిపేరు తగిలించారు, సంవత్సరం కూడా ఇచ్చారు. చివరికి విగ్రహం లేచింది.

కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. ఒక్క కామా తప్పితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. చరిత్రలో సమస్య ఏంటంటే, అది ఆగదు. తప్పుతోనే కొన్ని వందల ఏళ్లు నడుస్తుంది.

నిజానికి అయస్కాంతపు సూది గురించి చైనాలో షెన్ క్వో 1088 ప్రాంతంలోనే రాశాడు. యూరప్‌లో ఇంగ్లండ్‌కి చెందిన అలెగ్జాండర్ నెకమ్ 12వ శతాబ్దం చివర్లో, నావికులు దాన్ని వాడతారని రాశాడు. అంటే 1302కి వందేళ్ల ముందే. సూదిని పెట్టెలో అమర్చి, ఓడలో పనికొచ్చేలా మెరుగుపరచడంలో అమాల్ఫీ నావికుల చెయ్యి ఉండొచ్చని కొందరి అభిప్రాయం. అదైనా ఒక్కడి పని కాదు.

మరి అమాల్ఫీ గొప్పతనం అంతా ఉత్తిదేనా? కాదు, అస్సలు కాదు. నాకు నచ్చిన భాగం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఊరికి పొలాలు చేసుకునేంత చదును నేల లేదు. అందుకే జనం సముద్రం మీద పడ్డారు. 839లో స్వతంత్రంగా నిలబడ్డారు. కాన్‌స్టాంటినోపుల్, ఈజిప్ట్ దాకా వ్యాపారం చేశారు. ఊళ్లో 62 మెట్లెక్కితే వచ్చే చర్చికి ఉన్న కంచు తలుపులు 1060 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసినవి. జెరూసలేంలో యాత్రికుల కోసం అమాల్ఫీ వర్తకులు 11వ శతాబ్దంలో ఒక ఆశ్రయం పెట్టారు. తర్వాత సెయింట్ జాన్ నైట్స్ అనే పెద్ద సంస్థ పుట్టింది అక్కడినుంచే. ఓడ ఖర్చు ఎవరిది, లాభంలో ఎవరికెంత, తుఫానులో సరుకు సముద్రంలో పారేస్తే నష్టం ఎలా పంచుకోవాలి, ఇలాంటివన్నీ అమాల్ఫీ పట్టికలు అనే సముద్ర చట్టంలో ఉన్నాయి. మొత్తం 66 నిబంధనలు. వీటిలో వేటికీ విగ్రహం పెట్టడానికి ఒక్క ముఖం దొరకదు. ఎందుకంటే చేసింది ఊరంతా కలిసి.

ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1073లో నార్మన్ల చేతికి వెళ్లింది. 1135లో, మళ్లీ 1137లో పీసా వాళ్లు వచ్చి దోచుకున్నారు. 1343 నవంబర్‌లో ఒక రాత్రి సముద్రం ఉప్పొంగి రేవునీ, ఊరి కింది భాగాన్నీ మింగేసింది. ఆ రాత్రి కవి పెట్రార్క్ నేపుల్స్‌లో ఉన్నాడు, ఆ బీభత్సం గురించి ఉత్తరంలో రాశాడు. ఓడలు కట్టిన పాత ఆర్సెనల్‌లో సగమే ఇప్పుడు మిగిలింది.

ఇంత పోగొట్టుకున్న ఊరు ఒక హీరోని గట్టిగా పట్టుకుందంటే నాకు నవ్వు రాలేదు. "మేమంతా కలిసి చేశాం" అంటే ప్రపంచం గుర్తుపెట్టుకోదు, ఒక పేరు చెప్తే గుర్తుపెట్టుకుంటుంది. కానీ దానికి వాళ్లు కట్టిన ధర పెద్దది. లేని మనిషిని అందరూ ఫోటో తీసుకుంటారు, నిజంగా చెమటోడ్చినవాళ్ల గురించి ఎవరూ అడగరు.

అందుకే మీరు ఎప్పుడైనా వెళ్తే, విగ్రహం దగ్గర ఫోటో దిగండి, తప్పులేదు. తర్వాత వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు పట్టుకుని పైకి నడవండి. మీ కాళ్ల కిందే, రోడ్డు అడుగున కన్నెతో అనే వాగు పారుతుంటుంది. పైన మిల్లుల లోయలో ఆ నీళ్లతోనే పాత బట్టల పేలికల్ని దంచి కాగితం చేసేవాళ్లు. ఒక పాత మిల్లు ఇప్పుడు పేపర్ మ్యూజియం. అక్కడి చెక్క సుత్తులు చూడండి. వాటిని నడిపినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. కానీ వాళ్లు మాత్రం నిజంగా ఉన్నారు.

ఇటలీ నేవీ జెండా కూడా ఒకసారి వెతికి చూడండి. దాని మీద నాలుగు సముద్ర రిపబ్లిక్‌ల గుర్తులుంటాయి. నీలం మీద తెల్ల శిలువ, అదే అమాల్ఫీ. మనిషి బొమ్మ కాదు, ఊరి గుర్తు. నాకైతే అదే సరైన విగ్రహం అనిపించింది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.