బ్రూక్లిన్ కిడ్నీలు, పళ్ల సంస్థ ఎలుకలు

హెచ్‌ఐవీ కిడ్నీని తినేస్తుందని మొదట గట్టిగా చెప్పినవాళ్లు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ డాక్టర్లు. డౌన్‌స్టేట్ మెడికల్ సెంటర్, దానికి ఎదురుగా కింగ్స్ కౌంటీ ఆసుపత్రి. రెండోది సర్కారు దవాఖానా, పేదవాళ్లు వచ్చే చోటు. పీజీ విద్యార్థులకు నేను ఈ జబ్బు పాఠం చెప్పేటప్పుడు మైక్రోస్కోపు స్లైడ్ కంటే ముందు ఆ ఆసుపత్రి సంగతే ఎత్తుకుంటాను. స్లైడ్ ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఎవరు చూశారు, ఎవరు నమ్మలేదు అన్నది పుస్తకంలో దొరకదు.

1984 మార్చిలో టి.కె. శ్రీపాద రావు, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం వేశారు. వైరస్‌కి ఇంకా హెచ్‌ఐవీ అన్న పేరే రాలేదు. రెండేళ్లలో తమ దగ్గరికొచ్చిన 92 మంది ఎయిడ్స్ రోగుల్లో 11 మందికి మూత్రంలో ప్రొటీన్ పోతోందనీ, కిడ్నీలు చకచకా చెడిపోతున్నాయనీ రాశారు. మామూలుగా పాడైపోయిన కిడ్నీ స్కానింగ్‌లో చిన్నదైపోయి కనిపిస్తుంది. ఈ జబ్బులో పని ఆగిపోయినా సైజు తగ్గదు, పెద్దగానే ఉంటుంది. బయాప్సీలో వడపోత గుచ్ఛాలు కూలబడి ఉంటాయి. కొన్ని వారాల్లో, నెలల్లో మనిషి డయాలసిస్‌కి వచ్చేస్తాడు.

అప్పుడు లేచిన గోల చిన్నది కాదు. అది హెరాయిన్ కిడ్నీయే కదా అన్నారు. ఆ అనుమానానికి జవాబు చెప్పదగ్గవాళ్లు ఎవరైనా ఉంటే మళ్లీ బ్రూక్లిన్ వాళ్లే. హెరాయిన్ వాడేవాళ్ల కిడ్నీ జబ్బు గురించి 1974లో అదే జర్నల్‌లో రాసింది కూడా శ్రీపాద రావు బృందమే. పాత జబ్బు తెలిసినవాళ్లు కనకే ఇది వేరని పట్టుకోగలిగారు. వీళ్ల రోగుల్లో కొందరు సూది ముట్టనివాళ్లు. మయామీ డాక్టర్లు కూడా హైతీ నుంచి వచ్చినవాళ్లలో ఇదే చూశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం ఇది దాదాపు కనిపించలేదు. అక్కడి రోగుల్లో ఎక్కువమంది తెల్లజాతి స్వలింగ సంపర్కులు. మాకు కనిపించనిది మీకెలా కనిపించిందన్న ధోరణి చాలాకాలం నడిచింది. ఎవరి వార్డులో ఎవరు పడుకున్నారన్నదాన్ని బట్టి జబ్బు ఉందా లేదా అని తేల్చడం మన దేశంలోనూ కొత్తేమీ కాదు.

వాదన తీరాలంటే ప్రయోగం కావాలి, ప్రయోగానికి డబ్బు కావాలి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సొమ్ములో ఎక్కువ భాగం ఎన్‌ఐహెచ్ అనే గొడుగు కింద అవయవాల వారీగా పంచి ఉంటుంది. గుండెకో సంస్థ, కంటికో సంస్థ. మధుమేహం, జీర్ణకోశం, కిడ్నీ కలిపి ఎన్‌ఐడీడీకే. ఎయిడ్స్ నిధుల్లో పెద్ద వాటా అంటువ్యాధుల సంస్థది. మరి వైరస్ కిడ్నీలో దూరితే ఎవరి పద్దు? నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. ఆ పని మొదట జరిగింది పళ్ల సంస్థలో.

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ రిసెర్చ్‌లో ఆబ్నర్ నాట్కిన్స్ బృందం 1991లో వైరస్ జన్యువులు చొప్పించిన ఎలుకలను తయారుచేసింది. గ్యాగ్, పోల్ అనే రెండు జన్యువుల భాగం కోసేశారు కనక ఆ వైరస్ పిల్లలు పెట్టలేదు, అంటుకోలేదు. అయినా ఎలుకల కిడ్నీలు పోయాయి. అదే సంస్థలో కణజాలాల అడుగు పొర మీద పనిచేసే ప్రయోగశాల ఉండేది. ఆ పొరే కిడ్నీ జల్లెడకు ఆధారం. జెఫ్రీ కాప్, పాల్ క్లాట్‌మన్ అక్కడి నుంచే 1992లో ఈ ఎలుకల కిడ్నీల కథ అచ్చువేశారు.

1997లో ఇంకా పదునైన ప్రయోగం జరిగింది. జబ్బు ఎలుక కిడ్నీ మంచి ఎలుకకు, మంచి ఎలుక కిడ్నీ జబ్బు ఎలుకకు మార్చి పెట్టారు. వైరస్ జన్యువులున్న కిడ్నీ ఎవరి ఒంట్లో ఉన్నా చెడింది. అవి లేని కిడ్నీ జబ్బు ఎలుకలోనూ బాగానే ఉంది. అంటే రక్తంలోని విషమేదో వచ్చి కిడ్నీని కొట్టడం లేదు, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. హెరాయిన్ వాదం నా లెక్కలో అక్కడితో ముగిసింది.

ఈ జబ్బు ఎక్కువగా నల్లజాతి వాళ్లలోనే ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు 2010లో వచ్చింది. ఏపీఓఎల్1 అనే జన్యువులో రెండు మార్పులు పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువ. నిద్రజబ్బు తెచ్చే ఒక పరాన్నజీవి నుంచి అవి కాపాడతాయి, అందుకే తరాల పాటు నిలిచాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే మాత్రం కిడ్నీకి చేటు. ఎన్‌ఐడీడీకేకి మారిన కాప్ బృందం మరుసటి ఏడు లెక్కగట్టి, హెచ్‌ఐవీ కిడ్నీ జబ్బు అవకాశం 29 రెట్లని చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి కనిపించనిదేమిటో అప్పటికి తేటపడింది.

డబ్బు సంగతికి వస్తే, ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌లో 10 శాతం ఎయిడ్స్‌కే అని 1990ల నుంచి ఒక ఆనవాయితీ ఉండేది. 2015లో దాన్ని ఎత్తేశారు. అప్పటికది ఏడాదికి సుమారు 300 కోట్ల డాలర్లు. అదే ఏడు కొత్త ప్రాధాన్యాలు రాసుకుంటూ, మందులతో ఎక్కువకాలం బతికేవాళ్లకు వచ్చే ఇతర జబ్బులనూ చిక్కులనూ ముందు వరుసలో చేర్చారు. వాటా పోయిన ఏడే కిడ్నీకి, కాలేయానికి, మధుమేహానికి పీట వేశారన్నమాట. నిధుల లెక్కల్లో ఇలాంటివి మామూలే.

కిడ్నీ మార్పిడిది ఇంకో చరిత్ర. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల అవయవం ఎవరికీ పెట్టకూడదని అమెరికా 1988లో చట్టం చేసింది. 2008లో కేప్‌టౌన్‌లో ఎల్మీ ముల్లర్ హెచ్‌ఐవీ ఉన్న దాతల కిడ్నీలను హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకే పెట్టి చూపించారు. 2013లో అమెరికా చట్టం మార్చింది, అదీ పరిశోధన పేరుతోనే. 2024 నవంబరులో కిడ్నీ, కాలేయాలకు ఆ షరతు కూడా పోయింది.

బ్రూక్లిన్ జబ్బు మన దగ్గర అరుదు, ఆ జన్యు మార్పులు మనవాళ్లలో దాదాపు లేవు. మాకు వచ్చే తంటా టెనోఫోవిర్‌ది. హెచ్‌ఐవీకి మంచి మందు, 2006లో గిలియడ్ లైసెన్సులు ఇచ్చాక హైదరాబాద్ కంపెనీలు పేద దేశాలకు చవగ్గా చేసిపెట్టాయి. కొందరిలో అది కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తుంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో రక్తంలో క్రియాటినిన్ చూస్తారు, కానీ గొట్టం చెడడం అంతకంటే ముందే మొదలవుతుంది. అందుకే పీజీలకు ఒక పని అప్పగిస్తాను. ఆ మందు మింగేవాళ్ల మూత్రంలో స్ట్రిప్ ముంచండి. షుగర్ కనిపిస్తే రక్తంలో షుగర్ చూడండి. అది మామూలుగా ఉండి, మూత్రంలోకి షుగర్ పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులేవీ వాడకపోతే, టెనోఫోవిర్‌ని అనుమానించి నాకు ఫోన్ చేయండి.