లినక్స్‌లో సౌండ్ రావట్లేదా? ముందు ఈ ముప్పై ఏళ్ల కథ వినండి

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు నుంచి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాను. అన్నీ పనిచేస్తున్నాయి, సౌండే రావట్లేదు." ఇక్కడే విసిగిపోయి, చెల్లి క్లాసులు వినాల్సిన ల్యాప్‌టాప్‌ని స్క్రాప్‌కి ఇచ్చేస్తారు. ఆగండి!

మన పలాసలో జీడిపిక్క పప్పు అవ్వాలంటే ఉడకాలి, పగలాలి, పొట్టు ఊడాలి. పప్పు రాలేదంటే పిక్కని తిట్టం, పని ఎక్కడ ఆగిందో చూస్తాం. లినక్స్ సౌండ్ కూడా అంతే, మెట్లు మెట్లుగా వస్తుంది. ఆ మెట్లు ఎలా పుట్టాయో చూద్దాం.

1992లో ఫిన్లాండ్‌కి చెందిన హన్ను సావోలైనెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డుకి డ్రైవర్ రాశాడు. అదే ఓఎస్‌ఎస్ అయ్యింది. చిక్కేంటంటే, చాలా కార్డుల్లో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే మోగేది. పాట నడుస్తుంటే గేమ్ మూగబోయేది.

1998లో యారోస్లావ్ కిసెలా ఆల్సా మొదలుపెట్టాడు. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఓఎస్‌ఎస్ స్థానం దానికే దక్కింది. కానీ ఇందులో ఛానెళ్లు మొదట మ్యూట్‌లో ఉండేవి. కార్డు ఓకే, డ్రైవర్ ఓకే, అయినా నిశ్శబ్దం! ఎంతమంది తలలు పట్టుకున్నారో.

తర్వాత లెనార్ట్ పోటరింగ్ తెచ్చిన పల్స్‌ఆడియో, 2007లో ఫెడోరా 8లో డిఫాల్ట్ అయ్యింది. ఒక్కో యాప్‌కి వేరే వాల్యూమ్ వచ్చింది. దానితోపాటు పాత డ్రైవర్ల లోపాలూ బయటపడ్డాయి, తిట్లు మాత్రం దీనికే. 2021లో ఫెడోరా 34 దాని స్థానంలో విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్‌ని పెట్టింది.

ఇప్పుడు అదే వరసలో, కింద నుంచి పైకి వెతకండి. టెర్మినల్‌లో 'ఏప్లే', స్పేస్, మైనస్, చిన్న 'ఎల్' కొట్టండి. కార్డు పేరు కనిపించకపోతే సమస్య డ్రైవర్ దగ్గరే. కనిపిస్తే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో సరైన కార్డు ఎంచుకోండి. బార్ కింద 'ఎంఎం' ఉంటే మ్యూట్ అని అర్థం, 'ఎం' నొక్కితే తెరుచుకుంటుంది. అదీ బాగుంటే సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ చూడండి. సౌండ్ స్పీకర్‌కి కాకుండా హెచ్‌డీఎంఐకి పోతుండొచ్చు.

మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ లినక్స్ కెర్నెలే ఉంది, అడుగున ఆల్సా డ్రైవర్లే పనిచేస్తాయి. అంటే ఈ కథ మీ జేబులోదే. కాబట్టి ల్యాప్‌టాప్ మూగబోతే కార్డు పోయిందని తేల్చేయకండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో అడగండి. ఉంటాను మరి!